పైమట్టి చూసి నేలకు పేరు పెట్టకండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ వ్యవసాయ పేజీలో బంకనేలల గురించి వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. రాసినవారికి రైతు మీద అభిమానం ఉందని తెలుస్తూనే ఉంది, ఎరువుల మోతాదుల గురించి చెప్పిన భాగం బాగుంది కూడా. కానీ మొదట్లోనే ఒక మాట అన్నారు. లోతైన మెట్ట బంకనేలలన్నీ ఒకే తీరుగా ఉంటాయట, నీరు ఇంకదట, ఎండితే నెర్రెలు విచ్చుతాయట, నల్లగా ఉంటే సారం ఉన్నట్టట, ఎర్రగా ఉంటే లేనట్టట. ఇందులో ప్రతి మాటా ఏదో ఒక నేలకు నిజమే. అన్నిటికీ కలిపి చెప్పినప్పుడే తప్పవుతోంది, ఆ తప్పు నమ్మి తోట వేసినవాళ్లు నష్టపోతారు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేల సర్వే పనిలో గుంటలు తవ్వించి, అందులోకి దిగి, కత్తి మొనతో పొరలు గీసి రాసుకుంటూ చాలా ఏళ్లు గడిపిన మనిషిని. ఇందులో చాలావరకు చేత్తో పట్టి చూసిన సంగతులే.

ముందు మాటలు సరిగ్గా పట్టుకుందాం. లోతైన నేల అంటే సర్వే లెక్కలో గట్టి రాయిగానీ వేరు దిగలేని పొరగానీ 100 సెంటీమీటర్ల లోపు తగలకూడదు, 150 దాటితే చాలా లోతైనది అంటాం. బంక అంటే 0.002 మిల్లీమీటర్ల కన్నా సన్నని రేణువు, అలాంటిది నూటికి 35 పాళ్లకు మించి ఉంటేనే ఆ నేలను బంక జాతిలో చేరుస్తారు, 60 దాటితే అతి సన్నని జాతి. మెట్ట అంటే ఏరు పొంగి ఒండ్రు వేసి పోయే పల్లం కాదు, వాన నీరు వాలు పట్టుకుని కిందికి పోయే ఎత్తు నేల. ఈ మూడు షరతులకూ సరిపోయే రెండు నేలల్ని పక్కపక్కన పెట్టి, రెండింట్లోనూ బంక సరిగ్గా 55 పాళ్లే ఉందనుకోండి. ఒకదాంట్లో వాన పడ్డ రెండో రోజే నాగలి దిగుతుంది, ఇంకోదాంట్లో వారం దాకా కాలు పెట్టలేం. కాగితం మీద రెండూ ఒకటే. తేడా అంతా ఆ బంక ఏ ఖనిజంతో తయారైందన్న దాంట్లో ఉంది, మీ వ్యాసంలో ఆ ఊసే లేదు.

మొదటి గుంటలోకి దిగుదాం. ముదురు రంగు నేల, ఎండాకాలంలో చెయ్యి మోచేతి దాకా దూరేంత నెర్రెలు, కొన్నిచోట్ల అంతకన్నా లోతు. ఇందులో ఉండే ఖనిజం స్మెక్టైట్. పుస్తకంలో పేజీల్లా పలచని పలకలు ఒకదానిమీద ఒకటి ఉంటాయి, ఆ పలకల మధ్యకే నీరు చొరబడుతుంది, అందుకే తడిస్తే నేల ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. పైన వదులుగా ఉన్న మట్టి నెర్రెల్లోకి రాలుతుంది, మళ్లీ వాన పడితే అడుగున ఉబ్బడానికి చోటు చాలదు, ఇరుకైన మట్టి ఏటవాలుగా ఒకదానిమీద ఒకటి జారుతుంది. గుంట గోడలో అర మీటరు కిందికి కత్తితో ఒక పెళ్ళ ఊడదీసి చూడండి, అద్దంలా నునుపుగా మెరుస్తూ, సన్నని గీతలు పడ్డ ఏటవాలు ముఖాలు కనిపిస్తాయి. మొదటిసారి చూసినప్పుడు ఎవరో కర్నీతో రుద్దారేమో అనుకున్నాను. ఈ జారుడు ముఖాలు 100 సెంటీమీటర్ల లోపు కనీసం 25 సెంటీమీటర్ల మందాన ఉండి, 50 సెంటీమీటర్ల దాకా బంక 30 పాళ్లకు తగ్గకుండా ఉండి, నెర్రెలు ఏటేటా తెరుచుకుని మూసుకుంటూ ఉంటే దాన్ని వెర్టిసాల్ అంటారు. మనం రేగడి అని పిలిచేదాంట్లో చాలా భాగం ఇదే. ఎండిన నేల మీద తొలి వాన పడితే నీరు నెర్రెల్లోంచి గడగడా కిందికి పోతుంది, నెర్రె మూసుకున్నాక మాత్రం గంటకు కొద్ది మిల్లీమీటర్లు కూడా ఇంకదు. అంటే ఇంకదన్న మాట ఈ నేలకు కూడా సగమే నిజం, ఎప్పుడు అన్నది చెప్పకపోతే.

రెండో గుంట ఎరుపు. అదే 55 పాళ్ల బంక, కానీ ఇక్కడ ఖనిజం కయొలినైట్, దానికి తోడు ఇనుము ఆక్సైడ్లు. కయొలినైట్ పలకల మధ్యకు నీరు పోలేదు, అందుకని ఉబ్బదు, ముడుచుకోదు, నెర్రెలు పెద్దగా రావు. ఇనుము ఆక్సైడ్ బంక రేణువుల్ని చిన్న చిన్న గుళికలుగా అతికించి పెడుతుంది, ఆ గుళికల మధ్య ఖాళీల్లోంచి నీరు ఇసుకలోంచి పోయినట్టు పోతుంది. చేత్తో పట్టుకుంటే కూడా ఇసుక కలిసిన గరప నేలలాగే తగులుతుంది. కొత్తగా పనిలో చేరినవాళ్లు ఇక్కడే మోసపోతారు. పిడికెడు మట్టి తడిపి ఒకటి రెండు సార్లు నలిపి ఇది బంక కాదని రాసేస్తారు. ఇంకో నాలుగైదు నిమిషాలు ఓపిగ్గా పిసికితే గుళికలు విడిపోయి జిగురు బయటపడుతుంది, అప్పుడు బొటనవేలితో రిబ్బన్‌లా నొక్కి లాగితే 5 సెంటీమీటర్లు దాటినా తెగదు, అది బంక గుర్తు. 2.5 లోపే తెగితే అది వేరే సంగతి.

ఈ రెండు బంకలకు పోషకాలు పట్టి ఉంచే శక్తిలో ఉన్న తేడా ఎంతో చెబితేగానీ విషయం బోధపడదు. దాన్ని ధనాయాన మార్పిడి సామర్థ్యం అంటారు, పరీక్ష కాగితాల మీద సీఈసీ అని ఉంటుంది. కిలో కయొలినైట్‌కు అది సుమారు 3 నుంచి 15 సెంటీమోల్స్ (ఆ శక్తిని కొలిచే ప్రమాణం), స్మెక్టైట్‌కు 80 నుంచి 150. అంటే అదే బరువు బంక, పట్టి ఉంచేది పదింతలు తేడా. మొదటి నేలకు ఒకేసారి వేసిన పొటాష్ రెండో నేలకు మూడు నాలుగు దఫాలుగా విడగొట్టి వేయాలి, లేకపోతే వానకు కొట్టుకుపోతుంది. భాస్వరం సంగతి ఇంకోలా ఉంటుంది, ఎర్ర నేలలో ఇనుము, అల్యూమినియం దాన్ని గట్టిగా బిగించేస్తాయి, వేసినా మొక్కకు అందదు, అందుకే చల్లడం కన్నా సాళ్లలో విత్తనం పక్కన వేయమంటాం. పీహెచ్ 5.5 కన్నా తగ్గితే అల్యూమినియం కరిగి వేరు కొసల్ని కాల్చినట్టు చేస్తుంది, అక్కడ ముందు సున్నం, తర్వాతే మిగతాదంతా. ఇవేవీ రంగు చూసి చెప్పలేం.

రంగు గురించి మీ వ్యాసంలో అంత ధీమాగా రాశారు కాబట్టి అదీ చెప్పాలి. నల్లగా ఉంటే సేంద్రియ పదార్థం ఎక్కువని అందరూ అనుకుంటారు. చాలా నల్ల బంకనేలల్లో సేంద్రియ కర్బనం ఒక శాతం కూడా ఉండదు, ఉన్న కొద్దిపాటి హ్యూమస్సే స్మెక్టైట్‌తో గట్టిగా కలిసిపోయి నేలంతటికీ ముదురు రంగు పూస్తుంది. ఎరుపు హెమటైట్ అనే ఇనుము ఖనిజం వల్ల, పసుపు గోథైట్ వల్ల, రెండూ కొద్దిపాటి శాతంతోనే నేలనంతా రంగు మార్చేస్తాయి. ఎర్ర నేల అంటే నిస్సారం అనేవాళ్లు నిటిసాల్స్ గురించి వినాలి. లోతైన మెట్ట బంకనేలల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన జాతి ఇది. ముదురు ఎరుపు, బంక 30 పాళ్లకు పైనే, కింది పొరలో గింజల్లా చిన్న చిన్న పెళ్ళలు, విరిస్తే ముఖాలు మిలమిల మెరుస్తాయి, లాటిన్‌లో మెరుపు అనే మాట నుంచే దానికా పేరొచ్చింది. ఇథియోపియా, కెన్యా ఎత్తు ప్రాంతాల్లో విస్తారంగా ఉన్నాయి. వేరు లోతుగా దిగుతుంది, నీరు నిలవదు, నిలవ ఉండాల్సిన తేమ నిలుస్తుంది, ఉష్ణమండలపు మంచి నేలల్లో అవీ ఉన్నాయి. భాస్వరం బిగించేయడం వాటి లోపం, నిజమే. కానీ ఎర్రగా ఉన్నంత మాత్రాన వాటిని కొట్టిపారేస్తే ఎంత అన్యాయం!

ఇక వర్గీకరణ. చాలామందికి ఇది పండితుల గొడవలా కనిపిస్తుంది, పేర్లు నోరు తిరగవు, అందుకే పత్రికలు దాటేస్తాయి. కానీ ఆ పేర్లు సలహా ఇచ్చేవాడికి అడుగు పొరను గుర్తుచేసేలా కట్టారు. రెండు అమెరికా నేలలు ఉదాహరణగా తీసుకుంటాను, ఎందుకంటే వాటి వివరాలు బాగా నమోదై ఉన్నాయి. నార్త్ కరోలినా రాష్ట్ర నేల సిసిల్, టెక్సాస్ రాష్ట్ర నేల హ్యూస్టన్ బ్లాక్. రెండూ లోతైనవే, బంకవే, మెట్టవే. సిసిల్ పూర్తి పేరు ఫైన్, కయొలినిటిక్, థర్మిక్ టిపిక్ కన్‌హప్లుడల్ట్స్. హ్యూస్టన్ బ్లాక్ పేరు ఫైన్, స్మెక్టిటిక్, థర్మిక్ ఉడిక్ హప్లుస్టర్ట్స్. ముందు మూడు మాటలు చూడండి. ఫైన్ అంటే బంక 35 నుంచి 60 పాళ్లు, రెండింటికీ ఒకటే. థర్మిక్ అంటే 50 సెంటీమీటర్ల లోతున నేల సగటు ఉష్ణోగ్రత 15 నుంచి 22 డిగ్రీలు, అదీ రెండింటికీ ఒకటే. మధ్యలో ఉన్న ఒక్క మాట మారింది, కయొలినిటిక్, స్మెక్టిటిక్. ఒకటి పునాది కదలని ఎర్ర నేల, ఇంకోటి గోడలు చీల్చి రోడ్లు వంచే నల్ల నేల. చివర 'అల్ట్స్' ఉంటే అల్టిసాల్, 'అర్ట్స్' ఉంటే వెర్టిసాల్. పేరు వెనక నుంచి చదవడం అలవాటైతే ఒక వాక్యంలో గుంట మొత్తం కనిపిస్తుంది.

అల్టిసాల్, ఆల్ఫిసాల్ అని రెండు తరగతులున్నాయి, చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. రెండింట్లోనూ పై పొర నుంచి బంక నీళ్లతో కలిసి కిందికి దిగి రెండో పొరలో పేరుకుంటుంది, పెళ్ళల ముఖాల మీద సన్నని పూతలా అంటుకుంటుంది, చేతి భూతద్దంతో చూస్తే మైనం పూసినట్టు ఉంటుంది. ఎంత పెరిగితే లెక్కలోకి తీసుకోవాలో కూడా నియమం ఉంది. పై పొరలో బంక 15 నుంచి 40 పాళ్ల మధ్య ఉంటే కింద దానికి 1.2 రెట్లు ఉండాలి, అంటే పైన 25 అయితే కింద 30. పైన 40 దాటితే కింద ఇంకో 8 పాళ్లు ఎక్కువుండాలి. మరి ఈ అన్నదమ్ముల్ని విడదీసేది ఏది? కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం, సోడియం కలిపి, నేల పోషకాల్ని పట్టి ఉంచే మార్పిడి చోట్లలో 35 శాతం కన్నా తక్కువ ఆక్రమిస్తే అల్టిసాల్, అంతకు మించితే ఆల్ఫిసాల్. ఈ కొలత ఎక్కడ తీస్తారో తెలుసా? బంక పేరుకున్న పొర పైఅంచు నుంచి 125 సెంటీమీటర్ల కింద, లేదా నేలపై నుంచి 180 సెంటీమీటర్ల దగ్గర, ఏది ముందొస్తే అక్కడ. అంత లోతుకు ఎందుకంటే పైన మనం సున్నం వేస్తాం, ఎరువు వేస్తాం, పైమట్టి మన చేతుల్లో మారిపోతుంది, దాన్ని కొలిస్తే నేల స్వభావం కాదు మన సాగు తీరు తెలుస్తుంది. ఈ ఒక్క నియమం అర్థమైన రోజు నాకు వర్గీకరణ మీద గౌరవం కలిగింది.

వర్గీకరణ ఎప్పటికీ మారదనీ కాదు. సిసిల్ అనే పేరు 1899లో మేరీల్యాండ్‌లోని సిసిల్ కౌంటీ నేలలకు పెట్టారు, తర్వాత నేల ఉష్ణోగ్రతను కూడా లెక్కలోకి తీసుకోవడంతో ఆ కౌంటీ నేలలు చల్లనివని తేలి వేరే పేర్ల కిందికి పోయాయి. ఇప్పుడు సిసిల్ కౌంటీలో సిసిల్ నేల లేదు. ఇప్పుడు వాడే అమెరికా పద్ధతి 1975లో అచ్చయింది, 1999లో రెండో కూర్పు వచ్చింది, మొత్తం 12 తరగతులు. అంతర్జాతీయ పద్ధతిలో 32 సముదాయాలు, చివరగా 2022లో సవరించారు. ఒకే గుంటకు రెండు పద్ధతుల్లో రెండు పేర్లు వస్తాయి, దానికి కంగారు పడక్కర్లేదు, రెండూ అడిగే ప్రశ్నలు దాదాపు అవే.

ఇప్పుడు నాకు దగ్గరగా జరిగింది చెబుతాను. నాకు బాగా కావలసినవాళ్లు ఏటవాలు మెట్ట మీద, లోతైన బంకనేలలో పండ్లతోట వేశారు. నేల పరీక్ష చేయించే వేశారు. కాగితం మీద బంకనేల అని ఒక్క మాట, పీహెచ్ బాగుంది, పోషకాలు బాగున్నాయి, సలహాదారు సంతకం పెట్టేశాడు. నమూనా తీసింది 15 సెంటీమీటర్ల లోతు నుంచే. రెండేళ్లు చెట్లు కళకళలాడాయి, మూడో ఏడు వానల్లో ఆకు పసుపుబారి వరసగా చచ్చిపోవడం మొదలైంది. తెగులేమో అని మందులు కొట్టించారు, ఆ టెన్షన్‌లో ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. నేను వెళ్లి గుంట తవ్వించాను. 60 సెంటీమీటర్ల దాకా మంచి గోధుమ రంగు, 70 దగ్గర బంక ఒక్కసారిగా పెరిగిపోయింది, అక్కడి నుంచి బూడిద రంగు మచ్చలు, వాటి చుట్టూ తుప్పు రంగు అంచులు. అంటే వానాకాలంలో ఆ పొర మీద నీరు నిలబడుతోంది, గాలి అందక ఇనుము కరిగి రంగు కోల్పోతోంది. భూగర్భ జలం ఎంతో లోతున ఉంది, ఈ నీరు మాత్రం మధ్యలో అటక మీద నిలిచినట్టు నిలిచింది. వేళ్లు అక్కడికి చేరే వయసు మూడో ఏడు. ఎత్తు నేల కదా నీరెందుకు నిలుస్తుంది అని అందరూ అనుకున్నారు. వాలు వెంట మురుగు కాలువ తవ్వి, మిగిలిన చెట్లకు మట్టి ఎత్తుగా కట్టాం, కొన్ని బతికాయి. మొక్క నాటక ముందు ఒక్క పూట పలుగూ పారా పట్టుకుని ఉంటే తెలిసిపోయేది, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అందుకని మీ పాఠకులకు నా నుంచి కొన్ని మాటలు చేరవేయండి. తోటగానీ ఇల్లుగానీ కట్టేముందు గుంట తవ్వండి, తోటకైతే మీటరున్నర లోతు. అంత లోతు గుంటలోకి ఒంటరిగా దిగొద్దు, తడి నేలలో అసలు దిగొద్దు, ఒక పక్క మెట్లుగా తవ్వండి, బంక గోడ చెప్పకుండా విరుగుతుంది. పైకి గట్టిగా కనిపించే గోడ జారడం నేను చూశాను, ఆ భయంతోనే ఇంత గట్టిగా రాస్తున్నాను. ఎండ పడే వైపు గోడను కత్తితో గీకి, కొత్త ముఖం తెరిచి చూడండి. రంగు ఎక్కడ మారుతోంది, వేళ్లు ఎక్కడ అడ్డం తిరుగుతున్నాయి, బూడిద మచ్చలు ఎంత లోతున మొదలయ్యాయి, మెరిసే జారుడు ముఖాలున్నాయా, తెల్లటి సున్నపు గుండ్లున్నాయా. పొర పొరకూ పిడికెడు మట్టి విడిగా తీయండి. సున్నం ఉన్న ముక్క మీద వెనిగర్ చుక్క వేస్తే నురగ వస్తుంది. చిన్న పెళ్ళ ఒకటి ఎండబెట్టి వాన నీళ్లలాంటి శుభ్రమైన నీళ్లున్న గ్లాసులో కదపకుండా వదలండి, కరిగి కుప్పగా పడితే సరే, చుట్టూ పాలలా మబ్బు కమ్మితే అందులో సోడియం ఎక్కువైందేమో అనుమానించాలి, అలాంటి చౌడు బంక తడిస్తే రంధ్రాలు మూసుకుపోతుంది, జిప్సం అవసరం పడొచ్చు. అనుమానం వచ్చాకే ప్రయోగశాలకు పంపండి, పంపేటప్పుడు ప్రతి సంచి మీద లోతు రాయండి. లోతు రాయని సంచి ఎక్కడిదో తర్వాత ఎవరూ చెప్పలేరు.

సంపాదకులు గారూ, నేను కోరేది రెండే. ఆ వ్యాసంలోని మొదటి పేరాకు ఒక సవరణ వేయండి, నల్ల బంక, ఎర్ర బంక అన్న చోట ఉబ్బే బంక, ఉబ్బని బంక అని పెట్టినా చాలు, చదివేవాడి ఆలోచన అడుగు పొర వైపు తిరుగుతుంది. రెండోది, మీ వ్యవసాయ పేజీలో నేల గురించి ఏ సలహా వేసినా అది ఎంత లోతు చూసి చెప్పిందో పక్కన సెంటీమీటర్లలో వేయించండి. 15 అని ఉంటే రైతు దాన్ని 15 గానే తీసుకుంటాడు. కావాలంటే గుంట గోడ బొమ్మ ఒకటి పొరల పేర్లతో గీసి పంపుతాను, అచ్చు వేసుకోండి.

ఇట్లు,
మీ పాఠకుడు, నేల సర్వేలో పనిచేసినవాడు